జ్యోత్స్న అనే పేరు నన్ను డిజైనర్‌ని చేసింది

ప్రశ్న: "నా వయసు 32. ఇంజినీరింగ్ చదివి చెన్నైలో మూడు ఉద్యోగాలు మారాను. బొమ్మలంటే ప్రాణం. ఈ వయసులో డిజైనర్‌గా, చిత్రకారుడిగా స్థిరపడటం సాధ్యమేనా? ఏ కోర్సులో చేరమంటారు?"

సాధ్యమే. కోర్సు సంగతి తర్వాత చెబుతాను, ముందు నా కథ వినండి.

మాది నెల్లూరు. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో డ్రాఫ్ట్స్‌మన్‌గా, అంటే యంత్రభాగాల నమూనాలు గీసేవాడిగా చేరాను. నాలుగేళ్లకు ఆర్డర్లు తగ్గి మా విభాగాన్ని మూసేశారు. తర్వాత పద్నాలుగు నెలలు కాల్ సెంటర్‌లో రాత్రి ఉద్యోగం. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, నిద్ర పాడైంది. ఆ రోజుల్లోనే చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో, శుభలేఖలు అచ్చువేసే ఒక దుకాణంలో తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లు కావాలని తెలిసింది. జార్జిటౌన్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలున్నాయి. ఇంట్లో సగం మాటలు తమిళంలో నడిచినా, శుభలేఖ మాత్రం తెలుగులో ఉండాల్సిందే అంటారు. నేను అక్కడ చేరానని తెలిసి మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. డిప్లొమా చదివించింది పెళ్లి కార్డులు కొట్టడానికా అని అమ్మ దగ్గర బాధపడ్డారట.

మాఘమాసం, ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతున్నాయి. ఒక సాయంత్రం తండ్రీకూతుళ్లు నమూనా కార్డు చూసుకోవడానికి వచ్చారు. పెళ్లికూతురి పేరు జ్యోత్స్న. ముదురు ఎరుపు అట్ట మీద బంగారు ఫాయిల్‌తో పేర్లు. ఆ అమ్మాయి కార్డును దీపం వైపు వంచి, తన పేరు చివర వేలు పెట్టి, "అన్నా, ఇక్కడేముందో మీరు చదవగలరా?" అని అడిగింది.

చదవలేకపోయాను. 'త' కింద స వత్తు, దాన్ని అంటిపెట్టుకుని న వత్తు రావాలి. అప్పట్లో మేము కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చడానికి వాడిన డీటీపీ ఖతుల్లో (ఫాంట్లలో) ప్రతి వత్తూ ఒక విడి ముక్క, దాని చోటు ముందే ఖాయమై ఉండేది. రెండో వత్తు పడిందంటే మొదటిదాని మీదికి ఎక్కేది. ఇటుపక్క నుంచి 'జ్యో'లోని య వత్తు తోక కూడా వచ్చి వాటిని తాకింది. మామూలు సిరాతో అచ్చయితే ఎలాగో పోల్చుకోవచ్చు. పలుచని రేకులాంటి ఫాయిల్‌ను వేడి బ్లాకుతో, అంటే అక్షరాలు చెక్కిన అచ్చుతో నొక్కుతారు కాబట్టి సన్నని సందులన్నీ పూడిపోయాయి. పేరు చివర ఒక బంగారు ముద్ద మిగిలింది.

పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో వేద్దామన్నారు మా యజమాని. తండ్రి తలూపబోయారు. అమ్మాయి ఒప్పుకోలేదు. "ఇది మా నాయనమ్మ పెట్టిన పేరు. ఆవిడకు ఇంగ్లిషు రాదు" అంది.

రేపు ఉదయానికి సరిచేసి ఇస్తానని నేనే మాటిచ్చాను. ఆ రాత్రి ట్రేసింగ్ కాగితం పరిచి, పెట్టెలో పడి ఉన్న డ్రాఫ్టింగ్ పెన్నులు కడిగి, ఆ పేరును అసలు పరిమాణానికి నాలుగింతలుగా గీయడం మొదలుపెట్టాను. మొదటి పది కాగితాలూ పనికిరాలేదు. ఎంతసేపూ గీతలు అందంగా దిద్దుతున్నానే తప్ప గీతల మధ్య ఖాళీని చూడటం లేదు. తెల్లవారుజామున తట్టింది. నాలుగేళ్లు నేను చేసింది తిరిగే షాఫ్టుకూ దాన్ని పట్టి ఉంచే బేరింగుకూ మధ్య ఎంత సందు వదలాలో గీయడమే కదా! సందు సరిపోకపోతే యంత్రం పట్టేస్తుంది. ఇక్కడ సిరా పట్టేస్తోంది, ఫాయిల్ పట్టేస్తోంది. గీత ఎంత మందమో, సందు కనీసం అంత ఉండాలని నియమం పెట్టుకున్నాను. య వత్తు తోకను కురచ చేశాను. న వత్తును కొంచెం కిందికి, కుడివైపుకు జరిపాను. పదకొండో కాగితం మీద పేరు కుదిరింది.

కొత్త బ్లాకు చేయించి ఫాయిల్ మిషన్ దగ్గరికి తీసుకెళితే, అక్కడి పెద్దాయన సందుల్లో గోరు పెట్టి చూసి, ఏమీ అనకుండా బిగించారు. మొదటి కార్డు వేడిగా బయటికొచ్చింది. ఆ అమ్మాయి పైకి చదువుకుంది. నాయనమ్మకు చూపించి వస్తానని ఆ ఒక్క కార్డు తీసుకుని వెళ్లిపోయింది, మిగతావాటి ధర సంగతి తండ్రికి వదిలేసి.

అందుకే, వృథాగా పోయాయని మీరు బాధపడుతున్న ఆ మూడు ఉద్యోగాల్లోనే మీ డిజైన్ చదువు ఉందని నేను గట్టిగా చెబుతాను. ఈ ఊరి చరిత్ర చూడండి. ఎగ్మోరులోని ప్రభుత్వ లలితకళా కళాశాలకు 1850లో పునాది వేసిన అలెగ్జాండర్ హంటర్ శస్త్రవైద్యుడు. చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ ఇల్లు గడవక తంతి శాఖలో పనిచేసి, పాతికేళ్ల వయసులో ఆ బడిలో విద్యార్థిగా చేరారు. 1957లో దానికే ప్రిన్సిపాల్ అయ్యారు. 1966లో ఆయన నాయకత్వంలో మొదలైన చోళమండలం కళాకారుల గ్రామం, బట్ట మీద మైనంతో రంగులద్దే బాతిక్ వంటి చేతిపనులు అమ్ముకుంటూ నిలదొక్కుకుంది. బొమ్మ కోసం వస్తువు అమ్మడం తప్పు కాదని వాళ్లే చూపించారు. మన బాపు గారు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. అయినా బొమ్మలనే నమ్ముకున్నారు. ఆయన చేతిరాత తర్వాత కంప్యూటర్ ఖతి అయింది.

కోర్సులంటారా? లక్షలు పోసి చేరకండి. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్లో చాలామందికి సాఫ్ట్‌వేర్ మీటలన్నీ తెలుసు, 'క్ష' కింద ఎంత చోటు వదలాలో తెలియదు. ఇంగ్లిషుకు సరిపోయే వరుస దూరాన్నే తెలుగుకూ పెడతారు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. అప్పుడు అక్షరాన్ని చిన్నది చేస్తారు, వరుసల దూరం మాత్రం పెంచరు. ఫ్లెక్సీల మీద ఇంకా ఘోరం. చోటు నిండాలని అక్షరాన్ని రబ్బరులా అడ్డంగా సాగదీస్తారు. నిలువు గీత లావెక్కి, అడ్డగీత సన్నగానే మిగిలిపోతుంది. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఎగ్మోరు మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, ఆదివారం వెళ్లండి. అమరావతి శిల్పాలున్నాయక్కడ. నేను రెండేళ్లపాటు ఆదివారాలన్నీ ఆ రాతి తామరల ముందు కూర్చుని గీశాను. ఇప్పుడు నేను వేసే పెయింటింగుల్లో ఉన్న వంపులన్నీ అక్కడివే. శుభలేఖలు, దుకాణాల బోర్డులు, పుస్తకాల అట్టలు నాకు అన్నం పెడుతున్నాయి. పెయింటింగులు ఏడాదికి నాలుగైదు అమ్ముడవుతాయి. నాన్న ఇప్పుడు బంధువుల ఇళ్లకు వెళితే శుభలేఖ అడిగి తీసుకుని, అక్షరాలు చూసి, అది నాదో కాదో చెబుతారు.

మూడేళ్లుగా సొంతంగా ఒక ఖతి గీస్తున్నాను, ఫాయిల్‌లో కూడా పూడిపోని ఖతి. జ్యోత్స్నతోనే మొదలుపెట్టాను. లక్ష్మి దగ్గర ఆగాను. ష వత్తు కిందికి మ వత్తు ఇంకా సరిగ్గా ఒదగడం లేదు.