పాత ల్యాప్‌టాప్‌కి లైనక్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ పాతదే గానీ ఇంకా బాగా పనిచేస్తోంది. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు లేవంటున్నారు, 11 వేద్దామంటే ఈ మెషీన్ సరిపోదని మెసేజ్ వస్తోంది. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోమని ఫ్రెండ్స్ చెబుతున్నారు. ఫొటోలు, ఫైళ్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి, తేడా వస్తే ఎలా అని టెన్షన్. నిజంగా మారొచ్చా?

జవాబు: మారొచ్చు, కానీ ఈ ఆదివారమే మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించేయాలన్న తొందర మాత్రం వద్దు. ముందు ప్రోగ్రాములు మార్చండి, ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ఆ తర్వాత. అంటే విండోస్‌లో ఉండగానే లిబ్రేఆఫీస్ (ఆఫీసు పనులకి), ఫైర్‌ఫాక్స్ (బ్రౌజర్), థండర్‌బర్డ్ (మెయిలుకి), వీఎల్‌సీ (వీడియోలకి) వేసుకుని ఓ నెల రోజులు వాటితోనే మీ పనులన్నీ చేసి చూడండి. ఇవన్నీ లైనక్స్‌లోనూ దాదాపు ఇలాగే ఉంటాయి కాబట్టి, రేపు మారిన రోజున మీకు కొత్తగా కనిపించేది డెస్క్‌టాప్ ఒక్కటే. డెస్క్‌టాప్, ఆఫీసు, మెయిలు అన్నీ ఒకేరోజు కొత్తవైపోతే ఎవరికైనా చిరాకొస్తుంది, ఆ కోపమంతా లైనక్స్ మీదికి పోతుంది, వారం తిరక్కుండా వెనక్కి వెళ్లిపోతారు. ఇలా వెళ్లిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

ఇక మీ మెషీన్ విషయం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. అవి లేనంత మాత్రాన మీ ల్యాప్‌టాప్ చెడిపోయినట్టు కాదు. శుభ్రంగా నడుస్తున్న కంప్యూటర్‌ని ఒక చిప్పు లేదని మూలన పడేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం, అందుకే ఈ ప్రశ్నకి ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మొదట బ్యాకప్. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఫైళ్లన్నీ కాపీ చేసి, దాన్ని తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి, నాలుగైదు ఫొటోలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మకండి. తర్వాత మీ డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్ అయి ఉందేమో సెట్టింగ్స్‌లో చూసుకోండి, చాలా ల్యాప్‌టాప్‌లలో అది మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది, సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ సెట్టింగులు కదిలిస్తే విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడు చేతిలో లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు.

ఆ తర్వాత పెన్‌డ్రైవ్. 8 జీబీది చాలు, డౌన్‌లోడ్ చేసిన లైనక్స్‌ని రూఫస్, వెంటాయ్ లాంటి ప్రోగ్రాముతో దాని మీదికి ఎక్కించుకోవచ్చు (అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే తీసేసుకోండి). ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి కీ ఏదో ఒకటి నొక్కితే బూట్ మెనూ వస్తుంది, కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే లైనక్స్ నేరుగా దాని మీద నుంచే నడుస్తుంది. మీరుగా ఇన్‌స్టాల్ నొక్కితే గానీ, డిస్క్‌లోని ఫైల్ దేన్నైనా మార్చితే గానీ హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు. అలా ఓ సాయంత్రమంతా వాడి చూడండి. వైఫై దొరుకుతోందా, స్పీకర్లు, మైకు, కెమెరా పనిచేస్తున్నాయా, ప్రింటర్‌లో ఒక పేజీ వస్తోందా, బ్రైట్‌నెస్ కీలు కదులుతున్నాయా చూడండి. చాలామంది మర్చిపోయేది ఒకటుంది: మూత వేసి ఐదు నిమిషాలాగి మళ్లీ తెరవండి, స్క్రీన్ మామూలుగా వెలిగి మౌస్ కదిలితే సగం బెంగ తీరినట్టే. కొన్ని మోడళ్లలో ఇక్కడే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, ఆ సంగతి ఇన్‌స్టాల్ చేయకముందే తెలిస్తే మంచిది కదా.

అన్నీ బాగున్నాయనుకుంటే విండోస్ పక్కనే వేసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒకచోట పక్కపక్కన పెట్టాలా, డిస్క్ మొత్తం చెరిపేయాలా అని అడుగుతుంది. ఆ స్క్రీన్ దగ్గర ఫోన్ మోగినా ఎత్తకండి, రెండుసార్లు చదివాకే నొక్కండి. దానికి ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా ఆన్ కావడానికి పెట్టిన సెట్టింగ్) ఆపేయాలి. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, దాని డ్రైవ్‌లోని ఫైళ్లు లైనక్స్ నుంచి చూడగలుగుతారు గానీ సేవ్ చేయలేరు. రెండూ ఉన్నప్పుడు గడియారంలో గంటల తేడా కనిపిస్తే కంగారు పడకండి, టైమ్‌ని దాచుకునే పద్ధతి రెండింటికీ వేరు, ఒక సెట్టింగుతో సరిపోతుంది.

ప్రశ్న: లైనక్స్‌లోనే ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అని రకరకాలున్నాయి... ఏది వేసుకోవాలి?

జవాబు: విండోస్ నుంచి వచ్చేవాళ్లకి లైనక్స్ మింట్‌లో సినమన్ ఎడిషన్. కింద మెనూ, టాస్క్‌బార్ అన్నీ మీకు అలవాటైన చోటే ఉంటాయి. ర్యామ్ 4 జీబీనే ఉంటే మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. ఉబుంటు కావాలంటే రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్‌నే ఎంచుకోండి, ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. ఇంతకు మించి దీని మీద బుర్ర పాడుచేసుకోవద్దు.

ప్రశ్న: నేను ఫొటోషాప్ మీద పనిచేస్తాను. తమ్ముడు గేములు ఆడతాడు. ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. మారితే ఇబ్బందా?

జవాబు: మీకు ఇబ్బందే. ఫొటోషాప్‌కి లైనక్స్ వెర్షన్ లేదు. విండోస్ ప్రోగ్రాములని లైనక్స్‌లో నడిపే వైన్ మీద పాత వెర్షన్లు కొన్ని నడుస్తాయి గానీ, రోజూ క్లయింట్‌కి ఫైల్ ఇవ్వాల్సిన మనిషి దాని మీద ఆధారపడకూడదు. దాని బదులు వాడే గింప్, క్రిటా మంచివే, క్రిటాలో బొమ్మలు గీయడం నాకు చాలా ఇష్టం కూడా, అయినా మీరు పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైళ్లు అటూ ఇటూ పంపుకునే పనిలో ఉంటే విండోస్ ఉంచుకోండి. మీ తమ్ముడి పరిస్థితి నయం. 2018లో వాల్వ్ కంపెనీ, విండోస్ గేములని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ తెచ్చాక, ఆ కంపెనీ గేముల స్టోర్ స్టీమ్‌లోని విండోస్ గేములు చాలావరకు లైనక్స్‌లో నడుస్తున్నాయి. అయితే వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి నడవవు, ఆటలో మోసాన్ని పట్టే వాటి యాంటీ చీట్ ప్రోగ్రామ్ ఒప్పుకోదు. తను ఆడే గేముల పేర్లు ప్రోటాన్‌డీబీ వెబ్‌సైట్‌లో వెతుక్కోమనండి.

ప్రశ్న: లైనక్స్ ఓపెన్ సోర్స్ అంటున్నారు, దాని కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకీ కనిపిస్తుందిగా? అలాంటిదాన్ని ఎలా నమ్మాలి?

జవాబు: కనిపిస్తుంది, అందులో అనుమానం లేదు. 2024లో జరిగిందే చెబుతాను. ఫైళ్లని కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లోకి ఒకరు మారుపేరుతో చేరి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి పెట్టేశారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్‌కి రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనిపించింది. అర సెకనే! ఎందుకో చూద్దామని తవ్వుకుంటూ పోతే ఈ సంగతి బయటపడింది. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. మార్చి 29న బయటపెట్టారు, అప్పటికి అది ఎక్కువగా పరీక్షలో ఉన్న వెర్షన్లలోకే చేరింది, మామూలు జనం వాడే స్థిరమైన వెర్షన్లలో చాలావాటికి రాలేదు. ఓపెన్ సోర్స్‌లో దొంగలు పడరని నేను అనను. అనుమానం వచ్చినవాడు ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి వెళ్లి చూడగలడు, నా నమ్మకం దాని మీదే. మీ వైపు నుంచి చేయాల్సింది ఒకటే: సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే ప్రోగ్రాములు వేసుకోండి, ఎవరో చెప్పిన కమాండ్ అర్థం కాకుండా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) పేస్ట్ చేసి పాస్‌వర్డ్ కొట్టకండి.

ప్రశ్న: తెలుగు టైపింగ్ ఎలా? నా పాత ఫైళ్లన్నీ తెలుగులోనే ఉన్నాయి.

జవాబు: టైపింగ్‌కి లోటు లేదు. లైనక్స్‌లో భాషల టైపింగ్‌కి వాడే ఐబస్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ రెండూ వస్తాయి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్స్‌తోనే దొరుకుతాయి. జాగ్రత్తంతా పాత ఫైళ్ల దగ్గర. అవి యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే పద్ధతిలో) లేకుండా ప్రింటింగ్‌కి వాడే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవైతే, ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి. విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకుని, వత్తులు సరిగ్గా పడ్డాయో లేదో కొన్ని పేజీలు చదివి చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు బ్రౌజర్, వీడియో కాల్స్ తప్ప ఏమీ వాడరు. ఆయన ఊళ్లో లేనప్పుడు లైనక్స్ వేసేసి సర్‌ప్రైజ్ చేద్దామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఆ కంప్యూటర్ ఆయనది. పెన్‌డ్రైవ్ మీద నడిపి చూపించండి, ఒక కాల్ ఆయన చేతే చేయించండి. సరేనంటే ఆయన వాడే ఐకాన్లు పాత చోట్లలోనే పెట్టి, బుక్‌మార్కులు తెచ్చి, అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడేలా చేసి, సిస్టమ్ స్థితిని దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి, అప్‌డేట్ వల్ల ఏదైనా చెడితే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తేవచ్చు. టైమ్‌షిఫ్ట్ ఆయన ఫొటోలని దాచదు, వాటికి బ్యాకప్ వేరే ఉండాలి. మొదటి కొన్ని వారాలు ఆయన ఫోన్ చేసినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పాల్సింది కూడా మీరే. వద్దంటే మాత్రం, అప్‌డేట్లు లేని విండోస్‌లో బ్యాంకు పనులు చేయడం ఎందుకు మంచిది కాదో ఒకసారి నెమ్మదిగా వివరించి, నిర్ణయం ఆయనకే వదిలేయండి.