ప్లే ఎంపిక తప్పా, ఆడిన తీరు తప్పా?

ప్రశ్న: మా అబ్బాయి చదివే యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆట ప్రతి శనివారం చూస్తాం. ఓడితే చాలు, ‘కోచ్ ప్లే కాలింగ్ (ప్రతిసారీ ఏ ఎత్తు ఆడాలో ఎంచడం) చెత్త’ అంటారంతా. అది నిజమో కాదో మాలాంటివాళ్లం తేల్చుకునేదెలా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ముందు ప్లేలు ఎవరు ఎంచుతున్నారో కనుక్కోండి. కొన్ని జట్లలో హెడ్ కోచే చెబుతాడు, చాలాచోట్ల అది అఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే దాడి వ్యూహం చూసే సహాయ కోచ్ పని.

10 యార్డులు ముందుకెళ్లడానికి జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి ప్లేకీ ఎన్నో డౌన్, ఎన్ని యార్డులు కావాలి, రన్నా (బంతితో పరుగు) పాసా (బంతి విసరడం), ఎంత వచ్చింది రాయండి. కావలసిన యార్డుల్లో మొదటి డౌన్‌లో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు, నాలుగు డౌన్లలో మొత్తం వస్తే ఆ ప్లే ఫలించినట్టు. మొదటి డౌన్‌లో 10కి 5 వస్తే మంచిదే. మూడో డౌన్‌లో 8 కావాల్సినచోట 6 వస్తే దండగే. మొత్తం యార్డుల లెక్కలో ఈ తేడా కనిపించదు. నూటికి 40 ప్లేలకు కాస్త అటూఇటూగా ఫలిస్తే ఓ మోస్తరు జట్టు. నాలుగో క్వార్టర్లో తేడా 22 పాయింట్లు దాటితే ఆట దాదాపు తేలిపోయినట్టే, ఇక ఆ ప్లేలు లెక్కలోంచి తీసేయండి.

కాలేజీ గణాంకాల్లో ఒక మెలిక ఉంది. క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) శాక్ అయితే, అంటే పాస్ వేసేలోపే వెనకే పట్టుబడితే, పోయిన యార్డులు రన్ ఖాతాలో పడతాయి. 35 రన్లకు 90 యార్డులంటే సగటు 2.6. అందులో 4 శాక్‌లు, వాటివల్ల పోయినవి 30 యార్డులు అనుకోండి. అసలు రన్లు 31, యార్డులు 120, సగటు 3.9. ‘రన్ పనిచేయకపోయినా అదే పట్టుకు వేలాడాడు’ అన్న నింద చాలాసార్లు ఇక్కడే పుడుతుంది.

మూడో డౌన్‌లో 9, 10 యార్డులు పదేపదే కావాల్సివస్తుంటే లోపం మూడో డౌన్ ప్లేలో వెతక్కండి, మొదటి డౌన్ ప్లేల వరుస చూడండి. పాస్ పోయినప్పుడు రీప్లేలో రిసీవర్‌ని (పాస్ అందుకోవాల్సిన ఆటగాణ్ని) గమనించండి. అతనికి ఖాళీ దొరికి బంతి చేజారితే ఎంపిక బాగున్నట్టే. ప్రత్యర్థులు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్ మీదికొస్తే మనవాళ్లు ఐదుగురే అడ్డుకుని, వెంటనే వేయడానికి దగ్గర రిసీవరే లేకపోతే మాత్రం ఎంపికను తప్పుపట్టవచ్చు. ఆర్‌పీవో (రన్-పాస్ ఆప్షన్) ప్లేల్లో రన్, పాస్ రెండూ ఇచ్చి, ఏది ఆడాలో క్వార్టర్‌బ్యాక్‌కే వదిలేస్తారు. వాటిని వేరే గుర్తుతో రాయండి, కోచ్ ఖాతాలో వేయకండి.

ప్రశ్న: కచ్చితంగా కోచ్‌దే తప్పు అనదగ్గ ఉదాహరణ ఉందా?

జవాబు: ఉంది. 2023 అక్టోబరు 7న యూనివర్సిటీ జట్ల ఆటలో జార్జియా టెక్‌పై మయామీ 20-17తో ముందుంది, బంతి దాని చేతిలోనే ఉంది. మూడో డౌన్, మిగిలింది అరనిమిషం పైచిలుకు, గడియారం ఆపడానికి ప్రత్యర్థికి టైమవుట్లు లేవు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని నేలకు మోకాలు ఆనిస్తే చాలు, ప్లే ముగిసినా గడియారం నడుస్తూనే ఉంటుంది. తర్వాతి ప్లేకి 40 సెకన్ల గడువుంటుంది కాబట్టి ఆట అక్కడితో అయిపోయేది. మయామీ రన్ ఆడింది, బంతి చేజారి ప్రత్యర్థికి దక్కింది. ఒక్క సెకను మిగిలుండగా ఆరు పాయింట్లిచ్చే 44 యార్డుల టచ్‌డౌన్‌తో జార్జియా టెక్ 23-20తో గెలిచింది. బంతి జారకుండా మయామీ గెలిచినా ఆ ఎంపిక తప్పే. అందుకే చివరి రెండు నిమిషాల్లో మిగిలిన సమయం, ప్రత్యర్థి టైమవుట్లు కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి.