నిన్ను తవుడిచ్చి కొన్నాం

ఈసారి ఉత్తరాల్లో నాలుగు ఒకే గూటివి వచ్చాయి, పిల్లల పుట్టుక గురించీ ఒంటి గురించీ అడిగినవి, అందుకే పక్కపక్కన పెట్టి ఒక్కోదాని కిందే జవాబు రాశాను. చిన్నప్పుడు నన్ను కూడా తవుడిచ్చి కొన్నామనే చెప్పేవాళ్లు. తవుడు తీసుకుని నన్ను ఇచ్చేసిందంటే మా అసలు అమ్మకి గేదెలు ఉండి ఉండాలి కదా అని లెక్క వేసుకుని, ఊళ్లో గేదెలున్న ఇళ్లన్నీ మూడో తరగతి దాకా తొంగి చూశాను. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పట్లో నాకు నవ్వు రాలేదు.

నాకు ఎనిమిదో నెల. పాలకొల్లు దగ్గర పల్లెటూళ్లో పుట్టింట్లో ఉన్నాను. మొన్న గేదె ఈనుతుంటే మా ఐదేళ్ల పాప దగ్గరుండి అంతా చూసింది. మర్నాడు జున్ను తింటూ అందరి ముందూ ‘అమ్మకి కూడా అలాగే వస్తుందా? ఎటునుంచి?’ అంది. మా నాన్న కంచం వదిలేసి లేచిపోయారు. మా అమ్మ ‘ఛీ తప్పు, హాస్పిటల్లో డాక్టరమ్మ ఇస్తుంది’ అంది. ‘మరి అమ్మ పొట్టలో ఉన్నదెవరు?’ అని పాప. ఏం చెప్పాలండీ?

సగం జవాబు మీ గేదె చెప్పేసింది, మీకు మిగిలింది కొంచెమే. టెన్షన్ పడకండి. ఐదేళ్ల పిల్ల అడిగేది దారి గురించే, పెద్దవాళ్ల బుర్రలోకి వచ్చే మిగతా సంగతులేవీ తన బుర్రలో లేవు. ‘అవునమ్మా, అలాగే వస్తుంది. ఒంటికి పోసుకునే చోటుకీ దొడ్డికి వెళ్లే చోటుకీ మధ్య, పాప వచ్చే దారి ఇంకోటి ఉంటుంది, నాకే కాదు ఆడపిల్లలందరికీ ఉంటుంది. ఒక్కోసారి అటునుంచి రావడం కష్టమైతే డాక్టరుగారు మత్తిచ్చి పొట్ట దగ్గర కోసి తీసి, కుట్లు వేస్తారు’ అని చెప్పి ఆగిపోండి. ఆగడం ముఖ్యం. ఇంకా కావాలంటే అదే అడుగుతుంది, లేదంటే ఇంకో ముక్క జున్ను అడుగుతుంది. నొప్పి పుడుతుందా అంటే పుడుతుందనే చెప్పండి, అందుకే ఆస్పత్రికి వెళ్తామని కూడా.

ఒక్క మాట మాత్రం ముందే సరిచేసుకోండి. మనకి అన్నం వెళ్లేదీ కడుపులోకే, బిడ్డ ఉండేదీ కడుపులోనే. నాకు తెలిసిన ఒక పిల్లాడు వాళ్లమ్మ వేడివేడిగా చారు పోసుకుంటుంటే చెల్లి నెత్తి కాలిపోతుందని గిన్నె లాక్కునేవాడు. ‘అన్నం ఉండే సంచి వేరు, పాప ఉండే సంచి వేరు, దాన్ని గర్భసంచి అంటారు’ అని చెబితే సరిపోతుంది, ఆ మాట మన ఆడవాళ్లకి ఆస్పత్రుల్లో అలవాటే. మరి లోపల అన్నం ఎలా తింటుందీ అంటే తన బొడ్డే చూపించండి. అక్కడ ఒక తాడు ఉండేది, అమ్మ నెత్తురులోంచి తిండీ గాలీ ఆ బొడ్డుతాడులోంచే వచ్చేవి, పుట్టాక కోసేశారు, కోస్తే నొప్పి పుట్టలేదు, మిగిలిన ముక్క ఒకటి రెండు వారాల్లో ఎండి ఊడిపోయింది. బొడ్డు కథంటే పిల్లలు చెవి కోసుకుంటారు.

‘లోపలికి ఎలా వెళ్లింది’ అన్నది ఇంకో ఏడాదికో రెండేళ్లకో వస్తుంది, రేపే వచ్చినా భయం లేదు. అమ్మ ఒంట్లో సన్నటి ఇసుక రేణువంత అండం, నాన్న ఒంట్లో దానికన్నా చిన్నదైన కణం, రెండూ కలిస్తే బిడ్డ మొదలవుతుంది, పెరగడానికి దగ్గర దగ్గర తొమ్మిది నెలలు పడుతుంది. గేదెకైతే పది నెలలు దాటుతుందని చెప్పండి, ఈ లెక్క బడికి వెళ్లి అందరికీ చెప్పి వస్తుంది. విత్తనం అనే మాట మాత్రం జాగ్రత్త, పుచ్చకాయ గింజ మింగి రాత్రంతా ఏడ్చిన పిల్లలున్నారు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ. ఈ నెలల్లో వచ్చిన ప్రతి చుట్టమూ పాపని ‘తమ్ముడు కావాలా చెల్లెలు కావాలా’ అని అడిగి, చెల్లెలంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. స్కానింగులో ఎవరున్నారో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం కాబట్టి డాక్టరు చెప్పరు, మనం అడగకూడదు, ఈ ముక్క ఐదేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది. ఆడా మగా అన్నది తేలేది తండ్రి కణాన్ని బట్టి అన్నది చుట్టాలకి చెప్పుకోండి, పాపకి అక్కర్లేదు.

మా బాబుకి నాలుగేళ్లు. టీవీ చూస్తున్నంతసేపూ చెయ్యి నిక్కర్లోనే. మా ఆవిడ అట్లకాడతో బెదిరిస్తోంది. ఇదేమైనా జబ్బా? – ఒక తండ్రి, భీమవరం

జబ్బు కాదు, ఆ వయసులో చాలామంది చేస్తారు. దురద, ఒంటికి పోసేటప్పుడు మంట లాంటివి ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి, లేకపోతే ‘అది నీ ఒళ్లే, తప్పేం లేదు, కానీ నలుగురిలో కాదు’ అని చెప్పి చేతికి ఏదో ఒక ఆటవస్తువు ఇవ్వండి. అట్లకాడ అట్లకే ఉంచమనండి.

నాకు అట్లకాడ కన్నా ‘షేమ్ షేమ్’ అనే మాట మీద ఎక్కువ కోపం. ఆ చోటుకి సిగ్గు తప్ప ఇంకో పేరు తెలియని పిల్లాడు, రేపు ఎవరైనా నిజంగా చెడ్డగా ముట్టుకుంటే ఆ సిగ్గు తనదే అనుకుంటాడు, నోరు విప్పడు. ఇంట్లో ఏ పేరైనా పెట్టుకోండి, కానీ బళ్లో టీచరుకీ ఆస్పత్రిలో డాక్టరుకీ కూడా అర్థమయ్యే పేరై ఉండాలి. స్నానం చేయించేవాళ్లు, అమ్మో నాన్నో పక్కన ఉండగా డాక్టరు, అంతకు మించి ఎవరూ అక్కడ ముట్టుకోకూడదు, ముట్టుకుని ఎవరికీ చెప్పొద్దన్నవాళ్ల సంగతి ముందు మనకే చెప్పాలి. పిల్లలు చెప్పింది నమ్మండి. పిల్లల మీద లైంగిక నేరాలకి శిక్ష వేసే, 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు మగపిల్లలకీ వర్తిస్తుంది, మనవాళ్లు ఆడపిల్లలకే అనుకుంటారు. పిల్లల సాయం కోసం ఉన్న 1098కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు. ఇక ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పట్టుకొచ్చి ‘ముద్దు పెడితేనే ఇస్తాను’ అనే మావయ్యలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మంచివాళ్లే. అయినా పిల్లాడు వద్దంటే వద్దనే, పూతరేకు మాత్రం ఇవ్వాల్సిందే.

నాకు చదువు లేదండి, పక్కింటి అమ్మాయి చేత రాయిస్తున్నాను. రాజోలు దగ్గర మాది. మా అమ్మాయి కువైట్లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లైంది, మనవడికి ఆరేళ్లు. అల్లుడు వేరే ఉంటున్నాడండి, రాడు. వీడు నన్నే అమ్మా అంటాడు. బళ్లో కుటుంబం బొమ్మ వెయ్యమంటే నన్నూ వాణ్ణీ మా మేకనీ వేసి, పక్కన సెల్‌ఫోను వేసి అందులో మా అమ్మాయిని వేశాడండి. నాన్న ఏడీ అని టీచరు అడిగిందట. ఇంటికొచ్చి ‘నేను ఎవరి పొట్టలోంచి వచ్చాను’ అంటున్నాడు. ఏం చెప్పనండి?

అమ్మా, ఆ బొమ్మ దాచి ఉంచండి. వాడు ఉన్నది ఉన్నట్టే వేశాడు, మేకతో సహా.

కోనసీమలో వాడొక్కడే కాదు, అమ్మ గల్ఫులో, నాన్న గల్ఫులో, అమ్మమ్మ దగ్గర, పెద్దమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఏ బళ్లో చూసినా కనిపిస్తారు, ఆ సంగతి ఆ టీచరుకి తెలియక కాదు. వీలైతే వెళ్లి ‘మా ఇంట్లో ఇంతమందిమేనండి’ అని చెప్పి రండి, గొడవ కోసం కాదు, వాడి పక్షాన మీరున్నారని వాడికి కనపడడానికి.

వాడితో ‘నువ్వు మీ అమ్మ పొట్టలోంచి వచ్చావు, ఆ అమ్మ నా పొట్టలోంచి వచ్చింది’ అనండి, చూడండి ఎంత ఆశ్చర్యపోతాడో. మీ అమ్మాయి వీడితో ఉన్నప్పుడు ఆస్పత్రిలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఉంటే పెట్టెలోంచి తీసి చూపించండి, పుట్టినప్పుడు ఎంత బరువున్నాడో రాసి ఉంటుంది. మిమ్మల్ని అమ్మా అన్నందుకు సరిదిద్దక్కర్లేదు. దేవకి కన్నది, యశోద పెంచింది, ఇద్దరూ అమ్మలేనని మనకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే ఫోన్లో ఆ మాట విని మీ అమ్మాయి ఏడుస్తుంది, నాకు తెలుసు. వారానికోసారైనా వాడు నిద్రపోయే వేళ కథ ఆమెనే చెప్పమనండి.

నాన్న సంగతి అడిగితే దుబాయ్‌లో ఉన్నాడనో చచ్చిపోయాడనో అనొద్దు, ఊరు చిన్నది, రేపు సంతలో ఎదురుపడతాడు. ‘మీ అమ్మకీ నాన్నకీ పడలేదు, అందుకే వేరే ఉంటున్నాడు, నీవల్ల కాదు’ అనండి. ‘నీవల్ల కాదు’ అన్నది రెండుసార్లు అనండి.

మాది మండపేట. మూడేళ్ల క్రితం దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ ద్వారా పాపని దత్తత తీసుకున్నాం, ఇప్పుడు తనకి నాలుగేళ్లు. పెళ్లయ్యే దాకా చెప్పొద్దని మా పెద్దనాన్నగారు. మీరేమంటారు?

ఇవాళ రాత్రే మొదలుపెట్టమంటాను. చట్టప్రకారం తను మీ బిడ్డే, మీ కడుపున పుట్టిన బిడ్డకి ఉండే హక్కులన్నీ తనకీ ఉంటాయి, దాచాల్సిన కాగితం మీ దగ్గర ఏదీ లేదు. తనని ఇంటికి తెచ్చిన రోజు కారులో ఏడ్చిందా, నిద్రపోయిందా, ఎవరు ఎత్తుకున్నారు, మొదట ఏం తింది, అన్నీ కథలా చెప్పండి. జనకుడికి నాగేటి చాలులో సీత దొరికిన కథ పక్కన ఈ కథ కూడా చెప్పొచ్చు. నేను కూడా అమ్మ పొట్టలోనే ఉన్నానా అంటే ‘లేవు, ఇంకో అమ్మ పొట్టలో ఉన్నావు, ఆమె పెంచలేకపోయింది, మేం నీ కోసం ఎదురుచూస్తూ ఉన్నాం’ అనండి. వందసార్లు చెప్పించుకుంటుంది, వందోసారి కూడా విసుక్కోకుండా చెప్పండి. చెప్పేశారన్న సంగతి పెద్దనాన్నగారికి ముందే చేరవెయ్యండి, లేకపోతే ఏ పెళ్లి భోజనాల బంతిలోనో ఆ కబురు ఆయనే మొదలుపెడతారు.