రాజీనామా రాసే ముందు సెషన్లు తగ్గించమని అడగండి

నేను ఇంగ్లండులో జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని. అమ్మకి కంటి ఆపరేషనని మూడు వారాల సెలవు పెట్టి బెంగళూరు వచ్చాను. తమ్ముడి ఇల్లు మారతహళ్లిలో. పై ఫ్లోర్‌లో ఉండే నెల్లూరమ్మాయి కూడా డాక్టరే, ఆగస్టులో ఇంగ్లండులో జీపీ ట్రైనింగ్‌లో చేరబోతోంది. మొన్న రాత్రి రెండేళ్ల బాబుని భుజాన వేసుకుని జోకొడుతూ, "అక్కా, అక్కడ పార్ట్ టైమ్ అడిగితే చెడ్డపేరొస్తుందా?" అంది. తప్పు మాటేదో అంటున్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

చెడ్డపేరేమీ రాదు. ట్రైనింగ్‌లో ఉండగానే పని గంటలు తగ్గించుకునే పద్ధతి ఉంది. ‘లెస్ దాన్ ఫుల్ టైమ్’ అంటారు. పసిపిల్లలున్నా, ఇంట్లో పెద్దవాళ్లని చూసుకోవాల్సి వచ్చినా, మీకే ఒంట్లో బాగోకపోయినా అడగొచ్చు. మూడేళ్ల ట్రైనింగ్‌ని 60 శాతం మీద చేస్తే 5 ఏళ్లు పడుతుంది, జీతమూ అదే లెక్కన తగ్గుతుంది. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ముందు స్పాన్సర్‌తో, అంటే వీసా ఇప్పించిన సంస్థతో మాట్లాడాలి. గంటలు తగ్గాయని వీసాకి కావలసిన కనీస జీతం తగ్గదు.

ట్రైనింగ్ అయ్యాక ఇంకో దారి ఉంది, ‘జీపీ రిటెన్షన్ స్కీమ్’. ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగం మానేద్దామనుకునే జీపీల కోసం పెట్టినది. వారానికి 1 నుంచి 4 సెషన్లు (సెషన్ అంటే ఒక పూట పని), గరిష్ఠంగా 5 ఏళ్లు, ఏటా సమీక్ష. మిమ్మల్ని తీసుకున్న ప్రాక్టీసుకి (జీపీల క్లినిక్‌కి) ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ, కొంత సొమ్ము ఇస్తుంది, కాబట్టి దయ చూపమని అడిగినట్టు బాధపడక్కర్లేదు. అన్ని ప్రాక్టీసులకీ వీసా స్పాన్సర్ లైసెన్స్ ఉండదు, అది ముందే కనుక్కోండి.

ఇదంతా నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. రెండో కాన్పయిన కొత్తలో గుంటూరులో నాన్నకి పక్షవాతం వచ్చింది. మారు ఆలోచించకుండా రాజీనామా ఇచ్చి, రెండున్నరేళ్లు పనికి దూరమయ్యాను. రెండేళ్లు దాటితే నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చోనివ్వరు. ‘రిటర్న్ టు ప్రాక్టీస్’ ప్రోగ్రామ్ కింద పరీక్షలు, ఇంకొకరి పర్యవేక్షణలో పని, అన్నీ మళ్లీ మొదలు. పదేళ్లు చేసిన పనే అయినా మొదటి రోజు బీపీ పట్టీ కడుతుంటే నా చేతులు వణికాయి. వారానికి రెండు సెషన్లైనా నిలుపుకుని ఉంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

సెషన్ అంటే 4 గంటల 10 నిమిషాలు. అందులో పేషెంట్లని చూడటం ఒక్కటే కాదు. నా మంగళవారం సంగతి చెబుతాను. ఎనిమిదిన్నరకి మొదటి పేషెంటు, పదకొండున్నరకి చివరివారు. ఆ తర్వాత రక్తపరీక్షల రిపోర్టులు, హాస్పిటల్ ఉత్తరాలు, సంతకానికి ఆగిన ప్రిస్క్రిప్షన్లు, ఒక్కోసారి ఎవరింటికో వెళ్లి చూసి రావడం. 12.40కి లేవాల్సినదాన్ని మొదట్లో రెండింటి దాకా కదిలేదాన్ని కాదు. పాప నర్సరీ గుమ్మంలో కోటు వేసుకుని, టీచర్ చెయ్యి పట్టుకుని నిలబడి ఉండేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే పైఇంటి అమ్మాయికి ఒకటే చెప్పాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతం మాట ఎత్తకముందే, "నేను రాని రోజుల్లో నా పేషెంట్ల రిపోర్టులు ఎవరు చూస్తారు?" అని అడుగు. ఫలానా డాక్టర్ చూస్తారని పేరు చెబితే సరే. "ఇంటి నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చులే" అంటే, ఆ గంటలు కూడా జాబ్ ప్లాన్‌లో (ఏ పనికి ఎన్ని గంటలో రాసే కాగితంలో) రాయించుకున్నాకే సంతకం పెట్టు.