యూనిట్ టెస్టులు రాస్తే టెస్టర్‌గానే ఉండిపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. రాత్రి ఒంటిగంట దాకా సి లాంగ్వేజ్‌లో టెస్టులు, వాటికి హెల్పర్ ఫంక్షన్లు అంటూ కూర్చుంటున్నాడు. వాడి స్నేహితులంతా ద్వారకానగర్‌లో 4 నెలల ఏఐ కోర్సులో చేరారు. మావాడినీ చేర్పించమంటారా? రెండింట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ‘టెస్టింగ్’ అన్న మాట దగ్గరే మీకు గుండె జారింది. ఈ భయంతో వచ్చే ఉత్తరాలు నాకు కొత్త కాదు. ముందు అది వదిలేయండి. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ ముందు కూర్చుని నొక్కి చూసే ఉద్యోగం వేరు. యూనిట్ టెస్ట్ అంటే కోడ్ రాసినవాడే తన ఫంక్షన్‌ను (ఒక పని చేసే కోడ్ ముక్కను) విడిగా తీసి, ఇది ఇస్తే అది రావాలి అని ఇంకో కోడ్‌తో సరిచూసుకోవడం. అది డెవలపర్ పనే.

సి భాష ఇందుకోసం ఇచ్చేది అసర్ట్ (‘ఇది నిజం కాకపోతే ప్రోగ్రాం ఆపు’ అనే మాట) ఒక్కటే. అదీ, ఎన్‌డీబగ్ అని డిఫైన్ చేసి కంపైల్ చేస్తే మాయమైపోతుంది. అప్పుడు టెస్టులన్నీ పాసైనట్టే కనిపిస్తాయి! అందుకే యూనిటీ (గేములవాళ్ల యూనిటీ కాదు), సీమాకా లాంటి రెడీమేడ్ టెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లు వాడతారు. వాటి మీద తన ప్రాజెక్టుకు సరిపడే హెల్పర్లు (టెస్టుల్లో పదేపదే వచ్చే పనికి చిన్న ఫంక్షన్లు) ఎవరికి వారే రాసుకోవాలి. పనితనం తెలిసేది అక్కడే.

ఉదాహరణకు సెన్సర్ రీడింగులు రెండింటిని పోల్చే హెల్పర్ ఒకటి రాసి, 10 టెస్టుల్లో పిలిచాడనుకోండి. ఒకటి ఫెయిలైంది. స్క్రీన్ మీద హెల్పర్ లోపలి లైన్ నంబరే వస్తుంది, పదింట్లో ఏది పోయిందో తెలియదు. దీనికి మందు: హెల్పర్‌కు ఫైల్ పేరు, లైన్ నంబర్ కూడా ఆర్గ్యుమెంట్లుగా (లోపలికి ఇచ్చే విలువలుగా) పెట్టి, పైన ఒక చిన్న మాక్రో (కంపైల్‌కు ముందే పిలిచిన చోట కోడ్‌గా పరుచుకునేది) తొడగడం. పిలిచిన చోటి లైన్‌ను ఆ మాక్రో పంపుతుంది. మాక్రోలో పని ఎక్కువ పెట్టకూడదు. ఆర్గ్యుమెంట్‌ను రెండుసార్లు వాడితే, ఐ ప్లస్ ప్లస్ ఇచ్చినప్పుడు ఐ రెండుసార్లు పెరిగి కూర్చుంటుంది. పనంతా ఫంక్షన్‌లోనే ఉండాలి.

ఇంకో పొరపాటు. రెండు స్ట్రక్చర్లను (కొన్ని విలువలు కలిపి కట్టిన మూటలను) మెమరీని బైటు బైటుగా పోల్చే మెమ్‌సీఎంపీతో పోల్చడం. ఒక క్యారెక్టర్, ఒక ఇంటీజర్ ఉన్న స్ట్రక్చర్ మామూలు మెషీన్లలో 5 బైట్లు కాదు, 8. మధ్యలో 3 బైట్ల ఖాళీ ఉంటుంది, అందులో ఏ చెత్తైనా ఉండొచ్చు. విలువలు సమానమే అయినా టెస్టు ఓరోజు పాస్, ఓరోజు ఫెయిల్. అందుకే హెల్పర్ ఒక్కో ఫీల్డునూ విడిగా పోల్చి, రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అని ప్రింట్ చేయాలి. స్ట్రింగులైతే ముందు నల్ (దేన్నీ చూపని ఖాళీ పాయింటర్) కాదని చూసుకోవాలి, లేకపోతే టెస్ట్ ప్రోగ్రామే కూలిపోతుంది.

యూనిటీలో అసర్షన్ (సరిచూసే లైన్) ఫెయిలైతే లాంగ్‌జంప్ అనే సి ఫంక్షన్‌తో టెస్ట్ నుంచి బయటికి దూకేస్తుంది. కింద రాసిన ఫ్రీ (తీసుకున్న మెమరీని తిరిగిచ్చే ఫంక్షన్) నడవదు, మెమరీ లీకవుతుంది. కాబట్టి శుభ్రం చేసే పని, ప్రతి టెస్ట్ తర్వాత నడిచే టియర్‌డౌన్‌లో పెట్టాలి. మెమరీ అడిగి తెచ్చే మాలాక్ ఫంక్షన్ మెమరీ ఇవ్వకపోతే కోడ్ ఏం చేస్తుందో కూడా చూడొచ్చు: జీఎన్‌యూ లింకర్‌లో (కోడ్ ముక్కలను కలిపి ప్రోగ్రాం చేసే టూల్) అసలు ఫంక్షన్ స్థానంలో మనది పెట్టే ర్యాప్ ఆప్షన్ ఇచ్చి, 3వ పిలుపుకు నల్ తిప్పి పంపే నకిలీ మాలాక్ పెడితే చాలు.

ఇక ఆ ఏఐ కోర్సు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఏఐ హబ్ ప్రకటించినప్పటి నుంచి అందరికీ ఇదే ధ్యాస. ఆ హబ్‌లో ప్రధానం డేటా సెంటర్. అందులో ముందుండేది కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ పని. అక్కడ 4 నెలల సర్టిఫికెట్ పట్టుకుని మోడళ్లు తయారుచేసే ఉద్యోగం దొరుకుతుందని నాకైతే నమ్మకం లేదు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా పట్టకుండా ఎవరో రాసిపెట్టిన కోడ్ నోట్‌బుక్ నడిపించడం నేర్చుకుంటే అది ఏఐ చదువు కాదు. గణితం మీద ఇష్టమున్న పిల్లవాడు ఆ దారిలో వెళ్తే నేనే వెళ్లమంటాను. మీవాడికి ఉందో లేదో మీరు అడిగారా? మీ ఉత్తరంలో వాడి స్నేహితుల గురించి ఉంది, వాడికి ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని వాడి కంచంలో వడ్డించకండి.

సి కి రోజులు చెల్లాయనీ అనుకోకండి. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304, విమానాల సాఫ్ట్‌వేర్‌కు డీవో-178సి అని ప్రమాణాలున్నాయి. రెండూ పరీక్షించినట్టు ఆధారాలు అడుగుతాయి. వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ మీకు దగ్గర్లోనే పెదగంట్యాడలో ఉంది. అక్కడ ఉద్యోగం ఖాయమని చెప్పను. ఇలాంటి పనికి కావాల్సిన నైపుణ్యం మాత్రం మీవాడు ఇప్పుడు చేస్తున్నదే.

కోర్సు డబ్బులో కొంత పెట్టి ఒక మైక్రోకంట్రోలర్ (పరికరాల్లో ఉండే చిన్న కంప్యూటర్ చిప్) బోర్డు కొనివ్వండి. లాప్‌టాప్‌లో పాసైన టెస్టులే బోర్డు మీదా నడిపి చూడమనండి. ఇంటీజర్ సైజు మారితే ఏవి విరుగుతాయో అప్పుడు తెలుస్తుంది. ఒంటిగంట దాకా మాత్రం వద్దు, పదకొండుకు లైటు తీయించండి.