చుండ్రా, మాడు పొడిబారిందా? అక్కాతమ్ముళ్లకు ఒకే షాంపూ ఎందుకు పనిచేయడం లేదు

ప్రశ్న: నా వయసు 27. నేను, మా తమ్ముడు (23) హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఇక్కడ బోరు నీళ్లే దిక్కు. నవంబరు నుంచి నా తలలోంచి తెల్లటి పొట్టు పొడిలా రాలుతోంది. తలస్నానం చేసిన రోజు మాడంతా బిగుసుకుపోయినట్టు ఉంటుంది. చేతులు, కాళ్లు కూడా పగులుతున్నాయి. తమ్ముడికి కాలేజీ రోజుల నుంచే చుండ్రు ఉంది. వాడి తల జిడ్డుగా ఉంటుంది, ముక్కు పక్కల, కనుబొమల్లో ఎర్రబడి పొట్టు లేస్తుంది. వాడి యాంటీ డాండ్రఫ్ షాంపూనే నేనూ రెండు నెలలుగా రోజు మార్చి రోజు వాడుతున్నాను. నాకు ఎక్కువైంది, వాడికి తగ్గలేదు. కొబ్బరినూనె రాస్తే నాకు రెండు రోజులు హాయిగా ఉంటుంది. అమ్మ ఇద్దరినీ రాసుకోమంటోంది. వాడి చుండ్రు నాకు అంటుకుందా? జుట్టు కూడా ఊడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఏ షాంపూ వాడాలి?
- ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీది చుండ్రు కాదమ్మా, మాడు పొడిబారడం. మీ తమ్ముడిది మాత్రం చుండ్రే, అదీ కాస్త ముదిరినది. రాలేది ఇద్దరికీ పొట్టే కాబట్టి ఒకటే జబ్బు అనుకున్నారు. తమ్ముడికి పనికొచ్చే షాంపూ మీ తలకు పడదు. మీకు హాయినిచ్చే నూనె అతనికి పడదు. తల చూడకుండా చెబుతున్న మాట ఇది. అందుకే దీన్ని ఇంట్లోనే సరిచూసుకునే పద్ధతి కూడా చెబుతాను.

ముందు మీ భయం తీరుస్తాను. చుండ్రు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దానికి కారణమయ్యే మలసీజియా అనే ఈస్ట్ రకం ఫంగస్ మనందరి తలల్లోనూ ఉంటుంది, మీ తలలోనూ ఉంది. తల చర్మంలోని గ్రంథుల నుంచి ఊరే జిడ్డే దాని ఆహారం. ఆ జిడ్డును విడగొట్టినప్పుడు ఓలియిక్ ఆమ్లం లాంటి కొవ్వు ఆమ్లాలు మిగులుతాయి. చాలామంది చర్మం వాటిని పట్టించుకోదు. కొందరి చర్మం మాత్రం ఒరుసుకుపోయి, దురద పెట్టి, కణాలను తొందర తొందరగా పైకి నెట్టేస్తుంది. మామూలుగా చర్మం పైపొర మారడానికి దాదాపు నెల పడుతుంది. చుండ్రు ఉన్నచోట అది చాలా వేగంగా జరిగి, కణాలు విడివిడిగా రాలకుండా ముద్దలుగా, పొలుసులుగా ఊడతాయి. యుక్తవయసులో హార్మోన్ల వల్ల జిడ్డు పెరిగాకే ఇది మొదలవుతుంది. మగవాళ్లలో ఎక్కువ. మీ తమ్ముడికి కాలేజీ వయసులో రావడం, ముక్కు పక్కల, కనుబొమల్లో కూడా ఉండటం ఈ లెక్కకు సరిపోతాయి. జిడ్డు ఎక్కువగా ఊరే చోట్లు అవే కదా. చెవుల వెనుక, గడ్డంలో, ఛాతీ మధ్యలో కూడా చూడమనండి. ఇలా ముఖానికి కూడా వచ్చిన చుండ్రును మేం సెబోరిక్ డెర్మటైటిస్ అంటాం.

ఇక మీ సంగతి. నవంబరులో మొదలైంది, చేతులు కాళ్లు కూడా పగులుతున్నాయి, స్నానం చేసిన రోజే మాడు బిగుసుకుంటోంది. ఈ మూడింటిలో చేతులు, కాళ్ల పగుళ్లే నాకు గట్టి ఆధారం. ఒంట్లో చర్మం మొత్తం పొడిబారుతున్నప్పుడు తల చర్మం ఒక్కటే బాగుండదు. చలికాలంలో హైదరాబాద్ గాలిలో తేమ తగ్గిపోతుంది. దానికి ఆఫీసు ఏసీ, గీజరు వేడి నీళ్లు తోడవుతాయి. చర్మంలో తేమను పట్టి ఉంచే సహజమైన నూనెలు కొన్ని ఉంటాయి. వేడి నీళ్లు, ఘాటు షాంపూ కలిసి వాటిని కడిగేస్తాయి. యాంటీ డాండ్రఫ్ షాంపూల్లో చాలావరకు జిడ్డు వదిలించడానికే తయారైనవి. మీ తలలో ఉన్న కాస్త జిడ్డును రోజు మార్చి రోజు, రెండు నెలల పాటు కడిగేశారు. పొట్టు ఎక్కువైంది. ఎక్కువైందని ఇంకా కడిగారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ చక్రంలో చిక్కుకున్నవాళ్లు తక్కువేం కాదు.

బోరు నీళ్ల పాత్ర కూడా కొంత ఉంది, కానీ జనం అనుకునేంత లేదు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ కాబట్టి నురుగు సరిగా రాదు. నురుగు రాలేదని షాంపూ ఇంకాస్త వేసి రుద్దుతాం. తలకు సబ్బు రాసేవాళ్లకైతే అది ఆ లవణాలతో కలిసి తెట్టులా మిగిలిపోతుంది. మీరు చేయగలిగింది సులువే. షాంపూ కొంచెమే వేసుకోండి, చివరి రెండు మగ్గులు తాగే నీళ్లతో కడుక్కోండి. దీనికోసం వేలు పోసి ఫిల్టరు కొనక్కర్లేదు.

తేడా మీరే చూసుకోవచ్చు. ఒక నల్లటి బట్ట పరిచి, తల వంచి దువ్వండి. పొడిబారిన తల నుంచి సన్నటి తెల్లటి పొడి రాలుతుంది, దులిపితే పోతుంది. చుండ్రు పొలుసులు పెద్దవి, కాస్త పసుపు పచ్చగా ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే జిడ్డు తగులుతుంది, వెంట్రుకలకు అంటుకుని ఓ పట్టాన రావు. తర్వాత పాపిట తీసి వెలుతురులో ఎవరినైనా చూడమనండి. చుండ్రు ఉంటే పొలుసుల కింద చర్మం ఎర్రగా కనిపించవచ్చు. చామనఛాయ, నలుపు ఒళ్లు ఉన్నవాళ్లలో ఎరుపు అంతగా తెలియదు, అక్కడ రంగు కాస్త మారినట్టు మాత్రమే ఉంటుంది. దురద రెండింటిలోనూ ఉండొచ్చు కాబట్టి దాన్ని బట్టి తేల్చుకోకండి.

నూనె రాస్తే తగ్గింది కాబట్టి ఇది పొడిబారడమే అని కూడా అనుకోవద్దు. ఈ మాట కాస్త గట్టిగా చెప్పాలి. చుండ్రు ఉన్న తలకు నూనె రాసినా పొట్టు కనిపించదు. పొలుసులన్నీ తడిసి తలకే అతుక్కుపోతాయి, రెండు రోజుల తర్వాత మళ్లీ ఎప్పటిలాగే రాలతాయి. ఈలోగా ఫంగస్‌కు మేత వేసినట్టయింది. కొబ్బరినూనెలో ఉన్న కొవ్వు ఆమ్లాల్లో చాలావాటి మీద మలసీజియా చక్కగా బతుకుతుంది. చుండ్రు ఉన్నవాళ్లు రాత్రంతా నూనె పెట్టుకుని పడుకోవడం వల్ల ఎంత ఇబ్బంది పడుతున్నారో రోజూ చూస్తుంటాం. అమ్మలకు దీన్ని నచ్చజెప్పడం కష్టమే. అయినా మీ తమ్ముడి విషయంలో అమ్మకు మెల్లగా చెప్పండి, చుండ్రు అదుపులోకి వచ్చేదాకా అతని తలకు నూనె వద్దు.

అసలైన పరీక్ష రెండు వారాల్లో తేలుతుంది. మీరు యాంటీ డాండ్రఫ్ షాంపూ పూర్తిగా మానేసి, పిల్లలకు వాడే రకం మైల్డ్ షాంపూతో వారానికి రెండుసార్లు మాత్రమే తలస్నానం చేయండి. పొడిబారిన మాడైతే ఈ రెండు వారాల్లో బిగుతు తగ్గి, పొట్టు తేలిగ్గా తగ్గుముఖం పడుతుంది. ఒకవేళ మీకూ చుండ్రే ఉంటే తల జిడ్డు కట్టి, దురద పెరిగి, పొలుసులు పెద్దవవుతాయి. అలా జరిగితే తమ్ముడికి చెప్పే చికిత్స మీకూ వర్తిస్తుంది.

మీరు షాంపూ కొనేటప్పుడు సీసా ముందువైపు రాసిన మాటలు వదిలేసి వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. నురుగు తెచ్చే ఘాటు పదార్థం సోడియం లారిల్ సల్ఫేట్ మొదటి వరుసలో ఉంటే మీకు వద్దు. గ్లిజరిన్ లాంటి తేమ నిలిపే పదార్థాలు ఉంటే మంచిది. సాలిసిలిక్ యాసిడ్ ఉన్నవి పొలుసులు ఊడగొట్టేవి, అవి మీ మాడును ఇంకా ఎండబెడతాయి. ఘాటైన సువాసన వచ్చేవి కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. షాంపూ మాడు మీద వేళ్ల కొసలతో రుద్దండి, గోళ్లతో గీరకండి. కండిషనర్ వెంట్రుకల పొడవునా రాయండి. నూనె మీకు పనికొస్తుంది. స్నానానికి అరగంట, గంట ముందు కొద్దిగా పట్టించి కడిగేయండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మ తలంటుతానంటే సంతోషంగా కూర్చోండి. కాకపోతే కుంకుడుకాయ రసం పలచగా ఉండాలి, ఆ ఒక్కసారికే పరిమితం కావాలి. సహజమైనదే అయినా కుంకుడు కూడా నూనెను బాగా లాగేస్తుంది. చేతులకు, కాళ్లకు స్నానం కాగానే ఒళ్లు తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోండి. వాటికి సబ్బు తగ్గించండి.

మీ తమ్ముడికి షాంపూ ఎందుకు పనిచేయలేదో ఊహించగలను. తలకు రాసి, నురుగు రాగానే కడిగేస్తూ ఉండొచ్చు. మందు షాంపూ మాడు మీద కనీసం 3 నుంచి 5 నిమిషాలు ఉండాలి. ఈ ఒక్క సంగతి చెప్పకుండా షాంపూ మీద షాంపూ మార్పించడం వల్ల చాలామంది డబ్బు, నమ్మకం రెండూ పోగొట్టుకుంటున్నారు. ముందు మామూలు షాంపూతో ఒకసారి జిడ్డు వదిలించి, తర్వాత మందు షాంపూ మాడుకు పట్టించి, ఫోన్‌లో ఐదు నిమిషాలు టైమర్ పెట్టుకోమనండి.

అతనికి నేను ముందుగా ఎంచుకునేది 2 శాతం కీటోకోనజోల్ (ఫంగస్‌ను అణిచే మందు) షాంపూ, మెడికల్ షాపులో దొరుకుతుంది. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడాలి. తగ్గాక పూర్తిగా ఆపేస్తే చుండ్రు తిరిగొస్తుంది. ఫంగస్ పోదు, అణిగి ఉంటుందంతే. అందుకే వారానికో, పది పదిహేను రోజులకో ఒకసారి వాడుతూ ఉండాలి. సూపర్ మార్కెట్లో దొరికే యాంటీ డాండ్రఫ్ షాంపూల్లో ఎక్కువగా జింక్ పైరిథియోన్ ఉంటుంది. తేలికపాటి చుండ్రుకు అది చాలు, మీ తమ్ముడి స్థాయికి చాలకపోవచ్చు. ఐరోపా యూనియన్ దేశాల్లో 2022 మార్చి నుంచి సౌందర్య ఉత్పత్తుల్లో దీన్ని నిషేధించారు కాబట్టి అక్కడ ఉంటున్న మనవాళ్లు పైరోక్టోన్ ఓలమైన్ లాంటివి చూసుకోవాలి. సెలీనియం సల్ఫైడ్ బాగా పనిచేస్తుంది కానీ రంగు వేసిన జుట్టు ఛాయ మార్చగలదు, వెండి నగలను నల్లబరుస్తుంది, తీసేసి వాడాలి. పొలుసులు మందంగా పేరుకుంటే సాలిసిలిక్ యాసిడ్ లేదా కోల్‌తార్ కలిసినవి ఇస్తాం. తార్ వాడిన రోజు ఎండలో ఎక్కువగా తిరగకూడదు.

ముఖం మీది ఎరుపుకు ఆ కీటోకోనజోల్ నురుగునే ముక్కు పక్కల, కనుబొమల మీద కళ్లలో పడకుండా రాసి, కాసేపాగి కడిగేయొచ్చు. షాపులో అడిగి బెటామెథాసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ క్రీములు మాత్రం ముఖానికి రాయనివ్వకండి, దయచేసి. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, అందుకే అందరూ మోసపోతారు. వాడుతూపోతే చర్మం పలచబడి, మొటిమలు లేచి, ఆపగానే ముందుకన్నా ఎర్రబడుతుంది. కీటోకోనజోల్ మాత్రలు కూడా సొంతంగా మింగకూడదు, కాలేయానికి ప్రమాదం. బండి మీద తిరిగే అలవాటుంటే హెల్మెట్ లోపలి మెత్తను ఉతికి ఆరబెడుతుండాలి. చెమట, జిడ్డు అందులోనే పేరుకుంటాయి. నిద్ర చాలకపోయినా, ఒత్తిడి పెరిగినా చుండ్రు ఎక్కువవుతుంది.

నిమ్మరసం గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. గీరుకున్న మాడుకు అది మంట పెడుతుంది, నుదుటి మీదికి కారి ఎండ తగిలితే చర్మం కమిలి నల్ల మచ్చలు పడొచ్చు. మీ ఇద్దరికీ వద్దు.

పొట్టు రాలే ప్రతి తలా ఈ రెండింటిలోకే రాదు. వెండిలా మెరిసే మందపాటి పొలుసులు నుదుటి అంచు దాటి బయటికి వస్తే, మోచేతులు, మోకాళ్ల మీద కూడా ఉంటే, గోళ్లలో గుంటలు పడితే సోరియాసిస్ అనుమానించాలి. చిన్నపిల్లలకు పొట్టుతో పాటు జుట్టు విరిగి అక్కడక్కడా ఖాళీలు పడితే అది తామర. షాంపూతో పోదు, నోటి మందులు కావాలి. జుట్టుకు రంగు వేసిన ఒకటి రెండు రోజుల్లో చెవులు, మెడ వాచి రసి కారితే ఆ రంగు మీ ఒంటికి పడలేదన్నమాట. తెల్లగా ఉండి దువ్వినా జారకుండా వెంట్రుకను పట్టుకుని ఉన్నవి ఈపి, పేలు పెట్టిన గుడ్లు. ఇవేవీ లేకపోయినా, మీరు ఆరు వారాలు, మీ తమ్ముడు నాలుగు వారాలు సరిగా పాటించాక తేడా రాకపోతే చర్మవైద్యులకు చూపించుకోండి.

జుట్టు విషయం. పొడిబారడం వల్లగానీ, చుండ్రు వల్లగానీ బట్టతల రాదు. మాడు ఒరిపిడికి, గోకుడుకి కొంత జుట్టు ఊడుతుంది, అది తగ్గాక మళ్లీ వస్తుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం అందరికీ ఉండేదే. తలస్నానం వాయిదా వేస్తే అవన్నీ ఒకేసారి చేతిలోకి వచ్చి భయపెడతాయి. అయితే మీ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండటం చాలా మామూలు. థైరాయిడ్ తగ్గినా చర్మం పొడిబారుతుంది, జుట్టూ ఊడుతుంది. చలిని తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం, నెలసరిలో మార్పు, ఊరికే అలసిపోవడం ఉంటే ఆగకుండా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకుని, ఆ రిపోర్టులతో డాక్టర్‌ను కలవండి.