మెకానిక్ నంబరు ఉంటే చాలదా అంటే, ముందు ఒకసారి డిక్కీ తెరిచి చూడండి

తిరుపతి నుంచి మదనపల్లెకు మీరూ మీ అమ్మగారూ తరచూ కారులో వెళ్తామని, ఇద్దరికీ టైరు మార్చడం రాదని రాశారు. మెకానిక్ నంబరు దగ్గరుంటే చాలదా, కారుతో వచ్చిన జాకీ, స్పానర్ల గురించి తెలుసుకోవాలా అని అడిగారు. తెలుసుకోవాలి. వచ్చే ఆదివారం, ఇంటి ముందే, వెలుతురుండగానే ఆ పని పెట్టుకోండి.

ఉద్యోగం కోసం నేనూ ఆ దారిలో చాలా ఏళ్లు తిరిగాను. చంద్రగిరి దాటాక భాకరాపేట ఘాట్ ఎలా ఉంటుందో మీకూ తెలుసు. మలుపులు, రెండు పక్కలా అడవి. అక్కడ టైరు పోతే మెకానిక్ తిరుపతి నుంచో పీలేరు నుంచో రావాలి, అదీ ఫోన్ కలిస్తే. జాతీయ రహదారి మీద సాయానికి 1033 ఉంది, ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కానీ ఎవరు రావాలన్నా టైం పడుతుంది.

ఒకసారి చీకటి పడే వేళ ఆ ఘాట్‌లో ఒక కుటుంబం కారు పక్కన నిలబడి ఉంటే ఆగాను. జాకీ ఉంది, స్పానర్ ఉంది, స్టెప్నీలో గాలి కూడా ఉంది. కాలేజీ చదివే అమ్మాయి ఫోన్ లైటు పట్టుకుంటే వాళ్ల నాన్న కారు పుస్తకంలో బొమ్మలు చూస్తున్నాడు. జాకీని తిప్పే రాడ్డు రెండు ముక్కలుగా ఉంటుందని, ఒకదాని కొక్కెం జాకీ చివర ఉన్న కన్నంలో పడాలని వాళ్లకు తెలియదు. అది చెప్పాక జాకీ కదిలింది. నట్లు మాత్రం కదల్లేదు. టైర్ల షాపులో నట్లు బిగించే మిషన్ గన్‌తో బిగించినవి అవి. కారుతో ఇచ్చిన పొట్టి స్పానర్‌కు లొంగలేదు. చివరికి ఒక లారీ డ్రైవరు ఇనప పైపు తెచ్చి, "దీన్ని స్పానర్‌కు తగిలించి తొక్కన్నా, అదే కదుల్తాది" అన్నాడు. అలాగే కదిలింది.

నేను ముందు నట్ల సంగతి చూడమనేది అందుకే. కారు నేల మీదే ఉండగా, హ్యాండ్‌బ్రేక్ వేసి, స్పానర్‌ను నట్టుకు ఎడమవైపు అడ్డంగా ఉండేలా తగిలించి, చివర్న పాదం పెట్టి మీ బరువంతా మోపండి. కిందికి తొక్కితే నట్టు వదులయ్యే వైపే తిరుగుతుంది. చేతి బలం అక్కర్లేదు. అయినా కదలకపోతే టైర్ల షాపుకు తీసుకెళ్లి అన్నీ వదులు చేయించి, చేత్తో గట్టిగా బిగించమనండి. పొడుగు పిడి ఉన్న వీల్ స్పానర్ ఒకటి కొని డిక్కీలో పెట్టుకుంటే ఇంకా మంచిది. అల్లాయ్ వీల్స్ అయితే ఒక్కో చక్రానికి ఒక లాక్ నట్టు ఉండొచ్చు. దానికి విడిగా చిన్న తాళం లాంటి ముక్క వస్తుంది. అది డ్యాష్‌బోర్డులోనే ఉందా, సర్వీసింగ్‌లో ఎక్కడైనా ఉండిపోయిందా, ఇప్పుడే వెతకండి. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా చక్రం ఊడదు.

తర్వాత జాకీ. పైకెత్తే చోటు కారు కింద ఎక్కడపడితే అక్కడ ఉండదు. ముందు చక్రానికి కొంచెం వెనక, వెనక చక్రానికి కొంచెం ముందు, తలుపుల కింది అంచులో ఒక్కో చోట పక్కపక్కనే రెండు చిన్న గాట్లు ఉంటాయి. వంగి, వేలితో తడిమి చూడండి. ఆ రెండింటి మధ్య చోటుకు జాకీ తల సరిగ్గా ఆనాలి. ఒక్కసారి చక్రం నేల వదిలేదాకా ఎత్తి, దించేయండి. మర తుప్పు పట్టి బిగుసుకుంటే కొంచెం గ్రీజు రాయండి. జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం ఎప్పుడూ దూరకండి.

స్టెప్నీ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. ఎర్టిగా, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో అది డిక్కీలో కనపడదు, కారు కింద వేలాడుతుంటుంది. రాడ్డు పెట్టి తిప్పి కిందికి దించాలి. కొన్ని కార్లకు అసలు స్టెప్నీయే ఉండదు. టైరు గాలి చూపించే సిస్టమ్, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్రం నిబంధనలు మార్చింది. మీదీ అలాంటిదైతే కిట్‌లోని పంక్చర్ పూడ్చే మందు బాటిల్ మీద గడువు తేదీ చూడండి. టైరు పక్క గోడ చీలితే ఆ మందు పనికిరాదు. స్టెప్నీ ఉంటే పెట్రోలు బంకులో నాలుగు టైర్లతో పాటు దానికీ గాలి పట్టించండి. చాలామంది దాన్నే వదిలేస్తారు, నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. మిగతా చక్రాల కంటే సన్నగా ఉంటే దాని మీద రాసిన వేగం దాటకండి, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు.

ఘాట్‌లో నిజంగా టైరు పోతే మలుపులో, వాలులో ఆగొద్దు. హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా సమంగా ఉన్న వెడల్పు చోటు దాకా పోండి. రిమ్ము పాడైతే పాడవనీ, డబ్బు పెడితే వస్తుంది. ట్రయాంగిల్ బోర్డు కారుకు బాగా వెనక, వచ్చే బండ్లకు మలుపు ముందే కనిపించేలా పెట్టాలి. మార్చే చక్రానికి ఎదురు మూల ఉన్న చక్రం కింద రాయి పెట్టండి. నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఒకటి బిగించి దానికి ఎదురుది బిగించండి. కారు దించాక మళ్లీ ఒకసారి గట్టిగా, యాభై కిలోమీటర్లు పోయాక ఇంకోసారి చూసుకోండి.

అమ్మగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టకండి. ఆమె చేత కూడా ఒక నట్టు తొక్కించండి, జాకీ తిప్పించండి.